నా సైకిలూ, నాలుగు పెండ్లి చీరలూ

సైకిలు మీద నుంచి పడినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. వాళ్ల కథలు మీరు వినే ఉంటారు. నేను అలా కాదు. ఒక్కసారి కూడా కింద పడకుండా, దర్జాగా గంట కొట్టుకుంటూ పోయి, మా వీధి వీధినంతా ముంచబోయినవాణ్ణి. ఎలాగో చెబుతాను. మీకు నవ్వొస్తే ఆపుకోకండి. మా ఆవిడైతే పెళ్లయిన నాటి నుంచీ ఈ కథకు నవ్వుతూనే ఉంది.

కోడుమూరులో మాది మగ్గాల వీధి. అప్పటికి ఇంకా దొరల పాలనే. మా నాయన, పక్కిళ్లవాళ్లు నేసిన చీరలన్నీ మూటగట్టి ఎద్దులబండిలో కర్నూలుకు తీసుకుపోయి ఒక శెట్టి అంగడిలో వేసేవాళ్లం. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, ఎద్దులు అలిగితే ఇంకో రోజు. నాకు అప్పుడే మీసాలు వస్తున్నాయి. మీసాలతో పాటు సైకిలు పిచ్చి కూడా వచ్చింది.

"నాయనా, సైకిలుంటే పొద్దున పోయి మాపటికి వచ్చేస్తా" అన్నాను.

"అది గడ్డి తినదు కదా?" అన్నాడు నాయన.

"తినదు."

"అయితే తెచ్చుకో."

మా మేనమామను వెంటబెట్టుకుని కర్నూలులో మస్తాన్ సాయబు సైకిలు అంగడికి పోయాను. అక్కడ మూడు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. మొదటిది దొరల సీమ నుంచి ఓడలో వచ్చింది. దాని మెరుపులో మా మామ తలపాగా సరిచేసుకున్నాడు. నేను చెయ్యి చాపబోతే సాయబు అడ్డం వచ్చాడు.

"అది దొరలెక్కేది బేటా. కండ్లతోనే చూడల్ల."

రెండోది జపాను బండి. చవక. మామ దాని సీటు మీద చెయ్యి ఆనించాడో లేదో, అది ముక్కు కిందికి వంచి మాకు నమస్కారం పెట్టింది. మూడోది నల్లగా, గట్టిగా, మా వీధిలో పెద్దమనిషిలాగా నిలబడి ఉంది.

"ఇది నడిమి రకం" అన్నాడు సాయబు. "శానా అందం ల్యా, శానా పొగరూ ల్యా. మూటేస్తే మోస్తాది, ముల్లు దిగితే ఓర్చుకుంటాది. పిల్లనిచ్చేదుంటే ఇట్లాంటి అల్లునికే ఇయ్యల్ల."

మామ ఆ బండిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆయనకు పెళ్లీడు కూతురు ఉంది. నేను అప్పుడు సైకిలు ధ్యాసలో ఉండి ఆ చూపును పట్టించుకోలేదు గానీ, నా రెండు కొనుగోళ్లూ ఆ ఒక్క పూటలోనే జరిగిపోయాయని తర్వాత తెలిసింది.

దానికి వెనక మూట పెట్టుకోను వెడల్పాటి క్యారియరు వేయించాను. గంట మాత్రం అంగడిలో ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఏరుకున్నాను. అది మోగితే గుడిలో హారతి ఇస్తున్నారేమోనని ముసలివాళ్లు చెంపలు వేసుకునేవాళ్లు.

ఇక దానితో కాపురం. మా నేలలో వానలు తక్కువ, ముళ్లు ఎక్కువ. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, రేగుముళ్లు అన్నీ నా చక్రాల కోసమే పుట్టినట్లు దారి పొడుగునా కాచుకుని ఉండేవి. పంక్చరు వేయడం నెల తిరక్కుండానే నేర్చుకున్నాను. తొక్కడమూ నేర్చుకున్నాను. నేర్చుకోనిది ఎక్కడం ఒక్కటే. కాలు అటు వెయ్యబోతే బండి ఇటు పోయేది. కాబట్టి మైలురాయి పక్కన బండి నిలబెట్టి, రాయెక్కి, అక్కడి నుంచి సీటు మీదికి జారేవాణ్ణి. పెండ్లికొడుకు గుర్రమెక్కినట్లన్నమాట. ఆ తతంగం ఎవరి కంటా పడకూడదని నా పట్టుదల. అందుకని ఒకసారి ఎక్కానంటే ఊరు చేరేదాకా దిగేవాణ్ణి కాదు. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఈ ఒక్క మాటే.

ఒక వేసవిలో శెట్టి కబురు పంపాడు. ఒక పెద్దింటివాళ్లు ఒంటిమిట్టలో పెండ్లి పెట్టుకున్నారు. పట్టంచు చీరలు నాలుగు కావాలి. ఫలానా నాటి సాయంత్రం రైలుకు వాళ్లు కడపకు బయలుదేరుతారు. మా వీధిలో నాలుగు మగ్గాలు పగలనకా రాత్రనకా ఆడాయి. ఆ చీరలు నచ్చితే శెట్టి ఏడాది పొడుగునా మా వీధి సరుకే తీసుకుంటానన్నాడు. నచ్చకపోతే గద్వాల నుంచి తెప్పించుకుంటాడు.

బయలుదేరే నాటి తెల్లవారుజామున అమ్మ నులకతాడు తెచ్చింది.

"దీంతో బిగిచ్చి కట్టుకో నాయనా."

"కొత్త సైకిలుకు నులకతాడా? మంచం అనుకుంటారు" అని, నూలు పోగులు పేనిన సన్నటి తాడుతో మూట నాజూగ్గా కట్టుకున్నాను. ఊరవతలికి పోయి, రాయెక్కి, సీటెక్కి, బయలుదేరాను.

గాలి చల్లగా ఉంది. రోడ్డు నాదే. కొంత దూరం పోయాక వంకకు కట్టిన ఒక మోరీ మీద బండి ఎగిరి పడింది. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన కర్ర ఎత్తి అరిచాడు.

"ఓ సైకిలప్పా! పడిపాయ! పడిపాయప్పా!"

నేను పడిపోతానని ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. చూడండి ఎంత కడుపుమంటో! "నేను పడేవాణ్ణి కాదులేప్పా!" అని కేకేసి, గంట వాయించి, ముందుకు సాగిపోయాను.

ఇంకో ఊరు వచ్చింది. అక్కడ ఇంకో గుంత. బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఆడవాళ్లు బిందెలు వదిలేసి చేతులూపారు. "చీరా! చీరా!" అని అరిచారట. ఎదురుగాలిలో నా చెవికి "జోరు! జోరు!" అని వినిపించింది. ఆడవాళ్లు అంత ముచ్చటపడి అడిగితే కాదంటామా? జోరు పెంచాను.

కల్లూరు దగ్గరికి వచ్చేసరికి ఒక రైతు నా వెనకే పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఎర్రగా ఏదో గుడ్డ. ఓహో, పందెం వేస్తున్నాడన్నమాట! నా నడిమి రకం బండి సత్తా అప్పుడు తెలియాలి. మెడ వంచి, పళ్లు బిగించి తొక్కాను. పాపం ఆ మనిషి అరమైలు పరుగెత్తి, చివరికి నడుం పట్టుకుని రోడ్డు మధ్య కూలబడ్డాడు. నేను గంట మూడుసార్లు కొట్టి నా గెలుపు ప్రకటించాను.

శెట్టి అంగడి ముందు అరుగుకు కాలానించి దిగాను. లోపల పెండ్లివారి ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. శెట్టి నవ్వుతూ బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వస్తివా రంగప్పా! చీరలు యాడుండాయి?"

"అదో, వెనక" అన్నాను, తిరగకుండానే.

"యాడ వెనక? కోడుమూర్లోనా?"

తిరిగి చూశాను. నూలుతాడు వదులై, కిందికి జారిన మూటగుడ్డ మూల చక్రానికి ఒరుసుకుని చిరిగిపోయి, ఖాళీ సంచిలాగా వేలాడుతోంది. గొర్రెలాయన, బావి దగ్గరి ఆడవాళ్లు, ఎర్రగుడ్డ రైతు ఒక్కసారిగా నా కళ్లముందు నిలబడ్డారు. వాళ్లు అరిచిన మాటలు అప్పుడు, ఆ అరుగు మీద, నాకు సరిగ్గా వినిపించాయి. నాలుగు మగ్గాలు, నాలుగు ఇండ్లు, మా నాయన ముఖం. మీసాలున్న మగవాణ్ణని మరిచిపోయి ఏడుస్తూనే దారిలో జరిగిందంతా చెప్పాను.

శెట్టి తిడతాడనుకున్నాను. ఆయన లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చాడు.

"తాగు ముందు. రైలుకు ఇంకా శానా పొద్దుండాది. మనోళ్లు యాడికీ ఎత్తుకపోరు, పోయి అడుగు. ఈసారి మాత్రం ఎవరన్నా పిలిస్తే నిలబడు సామీ!"

కల్లూరు దాటగానే రైతు రోడ్డు పక్కన పిక్కలు ఒత్తుకుంటూ కనిపించాడు. పక్కన చీర, మట్టి అంటకుండా తుండుగుడ్డలో చుట్టి ఉంది.

"ఏమప్పా, చెవులు ఇంట్లో పెట్టి వచ్చినావా? నా ఊపిరి ఆగిపాయ గదప్పా, నీ ఎనకాల పరిగెత్తి!"

కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన నన్ను క్షమించాడు గానీ, వెనక ఎక్కించుకుని ఊళ్లో దింపమన్నాడు. ఆ దింపడంలో ఊరందరి ముందూ గడ్డివాము పట్టుకుని ఆగాను.

బావి దగ్గరి ఆడవాళ్లు చీరను గట్టు మీద పరిచి, దాని చుట్టూ కొలువుదీరి ఉన్నారు.

"ఈ అంచు ఎవరు నేసిరి?"

"మా నాయన."

"ఇట్లాంటివి మా ఊరికి ఎప్పుడూ తేరేమి? కర్నూలోళ్లే ఆడోళ్లా, మేము కామా?"

చీర మడిచి మూటలో పెట్టుకున్నాను. గొర్రెలాయనేమో నాకు కనబడాలని చీరను కర్ర కొసన జెండాలాగా కట్టి, గట్టు మీద నిలబడి కాపలా కాస్తున్నాడు.

"నేను పడిపాయ అంటే, నువ్వు పడనంటివే!" అన్నాడు.

మూడు చీరలు దొరికాయి. నాలుగోదాని కోసం దారంతా వెతుక్కుంటూ తిరిగి వస్తుంటే, చేను గట్టు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. పాత చీర మీదనే మా చీరను చుట్టుకుని, కొంగు నిమురుకుంటోంది. రాయి లేకపోయినా, ఎవరు చూస్తున్నా సరేనని దిగాను.

"అవ్వా, ఆ చీర..." అన్నాను.

"బాగుండాదా నాయనా?" ముఖమంతా నవ్వుతో అడిగింది. "మనవరాలికి రేపు శ్రీమంతం. కట్టుకోను మంచి చీర ల్యాకపాయనే, ఎట్లా పోదునా అని ఈడ్నే కూర్చోని దేవుని తలుచుకుంటాంటి. తలకాయ ఎత్తి చూస్తే రోడ్డు మీద చీరుండాది!"

"దేవుడు కనపడినాడా అవ్వా?"

"నా కండ్లకు యాడ కనపడతాడు నాయనా? గంట మాత్రం బాగా ఇనపడ్య."

"శానా బాగుండాది అవ్వా" అని చెప్పి వచ్చేశాను. దేవుడి గంటను మాత్రం ఆ పక్కన కొట్టలేదు. చప్పుడు కాకుండా బండి తోసుకుంటూ పోయాను.

రైలు వేళకు అంగడి చేరాను. జరిగింది దాచకుండా చెప్పాను. పెండ్లికూతురి నాయనమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "మూడు చాలు. నాది ఆయమ్మనే కట్టుకోనీ" అంది. శెట్టి ఆమె కోసం అరలోంచి వేరే చీర తీసిచ్చి, ఏడాది పొడుగునా మా వీధి సరుకే అన్న మాట మారదన్నాడు.

ఇంటికి పోయి నాయనకూ చెప్పాను. ఆయన మగ్గంలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు. ఆయన తిట్టినా బాగుండేది.

పదిరోజులు తిరిగేసరికి మా వీధిలో ఒక ఎద్దులబండి ఆగింది. నిండా ఆడవాళ్లు, బావి దగ్గరివాళ్లే. "సైకిలాయన ఇల్లు యాడ?" అని అడుగుతూ వచ్చి చీరలు బేరం చేశారు. ఆ వెనక రైతు భార్య వచ్చింది. గొర్రెలాయన చెల్లెలు వచ్చింది. శెట్టికి ఇవ్వవలసిన సరుకు తప్పించి ఇంట్లో ఒక్క చీరా మిగల్లేదు.

మళ్లీ కర్నూలు ప్రయాణం వచ్చింది. ఈసారి నేనే నులకతాడు తెచ్చి, మోకాలు ఆనించి, మూట ఊపిరాడకుండా బిగిస్తున్నాను. నాయన మగ్గం దిగి వచ్చి, నా భుజం మీద చెయ్యేశాడు.

"అంత గట్టిగా ఎందుకురా?" అన్నాడు మెల్లగా. "రోంత వదులుగా కట్టు. ఈసారి గూడూరు దారిన పో, ఆ ఊళ్లోళ్లు మన చీరలు ఇంకా చూడల్యా."

అయ్యా, అమ్మా, చదివేవారందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో రోడ్డు మీద నన్ను చూసి ఎవరు చేతులూపినా, ఎవరు కేకలు వేసినా, వెంటనే దిగి చూసుకుంటాను. అది పొగడ్త అని మాత్రం చచ్చినా అనుకోను.