రెండు పేర్ల నాన్న, ఒక సరళరేఖ

సరళరేఖల పాఠం మొదలుపెట్టే రోజు సూర్యకళ టీచర్ బోర్డు మీద ముందుగా రాసేది సమీకరణం కాదు, వాళ్ళ నాన్న పేర్లు. బుల్లబ్బాయి. దాని పక్కన వెంకటరాజు. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నవ్వనీ, ఆ రెండు పేర్లే లేకపోతే ఆవిడ ఇవాళ ఆ బోర్డు దగ్గర నిలబడేదే కాదు.

తొంభై ఆరులో సూర్యకళ పదో తరగతి లెక్కల్లో తప్పింది. y = mx + c అని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. m అంటే వాలు, c అంటే అంతరఖండం. అవి దేవుడు పెట్టిన పేర్లన్నంత నమ్మకం ఆ పిల్లకి. పరీక్షలో p = 4q + 7 ఇచ్చి వాలు ఎంత అన్నారు. m కోసం కాగితమంతా గాలించి, ప్రశ్నే తప్పనుకుని వదిలేసింది. అక్షరాలు మారిన లెక్కలన్నీ అలాగే పోయాయి. ఈసారి కూడా తప్పితే చదువు మాని అరటితోట పనికి రావాల్సిందేనని నాన్న తేల్చేశాడు. సూర్యకళకేమో టీచరు అవ్వాలని ఒకటే యావ.

రావులపాలెంలో ట్యూషన్ చెప్పే సత్యవాణి గారు సంగతంతా విన్నారు. తిట్టలేదు.

"మీ నాన్నగారి పేరేంటే?"

"బుల్లబ్బాయండి."

"బళ్ళో ఏమని రాయించారు?"

"వెంకటరాజనండి."

"మరి పొద్దున్న మార్కెట్టులో గెలలు దింపింది బుల్లబ్బాయా, వెంకటరాజా?"

"ఇద్దరూ ఆయనేనండి!"

"అంతేనే పిచ్చిదానా. m అనేది పుస్తకంవాళ్ళు పిలుచుకునే పేరు. నువ్వు పేరు చూడకు, పని చూడు. మారే రాశిని గుణిస్తున్నది ఏదో అదే వాలు. దేన్నీ గుణించకుండా విడిగా కూర్చున్నది అంతరఖండం."

రెండోసారి పరీక్షలో v = 9 + 2t ఇచ్చారు. m లేదు, c లేదు, వరస కూడా తిరగేశారు. సూర్యకళ తొణకలేదు. t ని గుణిస్తున్నది రెండు. అదే వాలని రాసేసింది.

సూర్యకళ పాసైనట్టు ఫలితాలొచ్చిన రోజు బుల్లబ్బాయి చక్కెరకేళి గెల భుజాన వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని సత్యవాణి గారి గుమ్మం ముందుకొచ్చాడు.

"ఎవరండీ?" అన్నారావిడ లోపల్నుంచి.

అతను గెల దించి చేతులు జోడించాడు.

"ఆయ్, బుల్లబ్బాయినండి. వెంకటరాజూ నేనేనండి. నా పేర్లు రెండూ ఇన్నాళ్ళకి ఓ మంచి పనికొచ్చాయండి. ఇంక మా అమ్మాయిని తోటకి రమ్మననండి. తమరు ఎంతవరకు చదివించమంటే అంతవరకు చదివిస్తానండి."

సూర్యకళకి ఏడుపు ఆగలేదు. ఆవిడ మేలు ఈ జన్మకి మరవకూడదనుకుంది. మరవలేదు.