ఇంట్లో పాటలు, జేబులో పాటలు

మా ఇల్లు అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో. ఆఫీసు పంజాగుట్టలో. మధ్యలో మెట్రో ప్రయాణం ఒకే ఒక్క స్టేషను. రైల్లో అమ్మాయి గొంతు తర్వాత వచ్చే స్టేషన్ పేరు మూడు భాషల్లోనూ చెప్పి ముగించేసరికి నేను తలుపు దగ్గరికి జరిగిపోవాలి. ఇంత సుదీర్ఘ యాత్రకి తోడుగా నా జేబులో కొన్ని వేల పాటలుంటాయి. ఎప్పుడైనా దారిలో ఒక పాట పూర్తిగా విన్నానంటే ఆ రోజు రైలు ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

ఫోన్లో అడిగిన పాటల్లా వస్తుంటే నీకీ గోలేమిటని అందరూ అడుగుతారు. నాకు అద్దె పాటలు పడవు. క్యాసెట్ల నుంచీ సీడీల నుంచీ నేనే కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కోదానికీ సినిమా, సంవత్సరం, పాడినవారి పేరు రాసుకున్న సొంత పాటలు కావాలి. అసలు కాపీ హాల్లోని పాత కంప్యూటర్లో ఉంటుంది. దాని నకలు నా జేబులోని చిన్న ప్లేయర్లో. ఇంట్లో ఏముందో జేబులోనూ అదే ఉండాలి. ఒక్క పాట తేడా వచ్చినా నాకు అన్నం సయించదు. ఆదివారం టిఫిన్ అయ్యాక తలస్నానం చేసి, ప్లేయర్ని కంప్యూటర్‌కి తగిలించి, రెండింటినీ సమానం చేసే కార్యక్రమం పెట్టుకుంటాను. అది జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మిక్సీ వెయ్యకూడదు, ఫ్యూజు పోతుందని నా భయం. "మీరు పాటలు వినరండీ, బీరువాలో బట్టల్లా సర్దుతారంతే," అంటుంది మా ఆవిడ. నిజమే. కానీ ఒప్పుకుంటానా?

ఆ పాటల్ని నిజంగా వినేది మా అత్తగారు. మామగారు పోయాక కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చేశారు. నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, ఆవిడకి ఒక కన్ను పూర్తిగా తీసేసింది. రెండో కంటితో మనుషుల్నీ, గుమ్మాల్నీ, గ్యాసు పొయ్యి మంటనీ పోల్చుకోగలరు. గడియారం ముళ్ళు కనబడవు. ఆ కాస్త చూపు నిలవాలంటే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేళ తప్పకుండా కంట్లో చుక్కల మందు పడాలి. పొద్దున్నది మా ఆవిడ వేస్తుంది. మేమిద్దరం ఆఫీసులకి పోయాక మిగతా రెండూ అత్తగారే వేసుకుంటారు. ఫోన్లో అలారం పెడితే, అది మోగినప్పుడల్లా గుండె దడొస్తోందని తీయించేశారు. "నాకు వేళ తెలుస్తుందే, నేను వేసుకుంటాను," అన్నారు కూతురితో. ఎలా తెలుస్తుందని మేమిద్దరం అడగలేదు. మా ఆవిడ రోజూ ఒకే వేళకి బయల్దేరుతూ కంప్యూటర్లో పాటలు పెట్టి వెళ్తే, సాయంత్రం దాకా అవి అదే వరసలో వస్తూనే ఉంటాయి.

నాతో ఆవిడ మాటలు చాలా తక్కువ. పాతకాలపు గోదావరి జిల్లా అత్తగారు. నేను హాల్లోకి వస్తే చటుక్కున లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతారు. "కాఫీ తాగారా బాబూ?" అంటారు. "ఆఫీసు ఎలా ఉంది బాబూ?" అంటారు. అంతే. అల్లుణ్ణి ఫలానాది కావాలని అడగడం, అల్లుడు చేసినదానికి వంక పెట్టడం వాళ్ళ ఇంటా వంటా లేదు. ఒకసారి నేను చేసిన సాంబారు కూడా బ్రహ్మాండంగా ఉందన్నారు. అదే సాంబారు తిని మా ఆవిడ నన్ను మళ్ళీ గరిటె ముట్టుకోనివ్వలేదు.

ఇలా ఉండగా నా ఖర్మ కాలి, ఒకరోజు ఆఫీసులో నెట్ పోయింది. పని లేక ప్లేయర్ చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే ఒక పాత డ్యూయెట్ వచ్చింది. ఎత్తుకోవడమే డప్పుల మోతతో ఎత్తుకుంటుంది. నాకు అదంటే ఒళ్ళు మంట. మధ్యాహ్నం మళ్ళీ అదే. సాయంత్రం మళ్ళీ అదే! పెళ్ళికి ముగ్గురు ఒకే చీర కట్టుకొచ్చినట్టు, నా పాటల్లో ఒకే పాట మూడుచోట్ల! నాకు తల తిరిగిపోయింది. ఇన్నేళ్ళ నా సర్దుడు ఏమైనట్టు?

పక్క సీట్లో బోరబండ నుంచి వచ్చే ఆయన ఉంటాడు. ఆయనతో మొర పెట్టుకున్నాను.

"గిన్ని పాటలుంటే డబల్ గాక ఏమైతయన్నా? గీ సాఫ్ట్‌వేర్ ఏస్కో. డబల్ ఉన్నయన్నీ ఏరి సూపిస్తది. జర సూసుకొని తీసెయ్. మస్తు పన్జేస్తది, ఫికర్ లేదు," అన్నాడు.

చూసుకోవడమా? నేనా? నా పాటల గురించి నాకు ఇంకొకరు చెప్పాలా! ఆదివారం తగుదునమ్మా అని కూర్చుని, అది చూపించినవాటిని కనీసం చివరిదాకా చదవకుండా అన్నీ తీసెయ్యమని నొక్కాను. వెంటనే ప్లేయర్ తగిలించి, నకలుని అసలుతో సమానం చేసేశాను. ఇంట్లోనూ జేబులోనూ పాటలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఇలాంటి పనిమంతుడు ఈ చుట్టుపక్కల ఇంకొకడుండడని నా భుజం నేనే చరుచుకున్నాను. "అత్తయ్యగారూ, పాటలన్నీ శుభ్రం చేశానండీ," అని గొప్పగా చెప్పాను కూడా.

గుమ్మంలోంచి, "మంచిది బాబూ," అన్నారు.

కొన్ని వారాల తర్వాత ఆవిణ్ణి పంజాగుట్టలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మామూలుగా చూపించుకుని రావడానికే. డాక్టరమ్మ యంత్రంలోంచి చూసి, ఇంకోసారి చూసి, మొహం ముడుచుకుంది.

"కంట్లో ప్రెజర్ బాగా పెరిగిందమ్మా. డ్రాప్స్ టైముకి వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండీ," అన్నారు అత్తగారు.

"టైము ఎలా తెలుస్తుంది మీకు?"

ఆవిడ కూతురివైపు తిరిగారు. "చెప్పమ్మా!" అని మా ఆవిడ గద్దించింది.

"పాట వస్తుందండీ," అన్నారు నెమ్మదిగా. "డప్పుల పాట. కుక్కరు కూతల్లో కూడా వినబడుతుంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది రాగానే వేసుకునేదాన్ని. ఈమధ్య రావట్లేదండీ. కిటికీలో ఎండ ఒంటికి తగిలేదాన్ని బట్టి, ఉజ్జాయింపుగా వేసుకుంటున్నాను."

"అందుకా ఆ పాట మధ్యమధ్యలో పెట్టమన్నావు?" అంది మా ఆవిడ. "నీకిష్టం కాబోలనుకుని పెట్టాను. మరి ఏమైపోయింది?" అని నావైపు తిరిగింది. నేను గోడకి తగిలించిన కంటి బొమ్మని మహా శ్రద్ధగా చూస్తున్నాను.

అత్తగారు గబగబా అందుకున్నారు. "బాబుగారి తప్పేం లేదండీ. ఆ కంప్యూటరు పాతదైపోయింది," అన్నారు డాక్టరమ్మతో. అన్నీ తెలిసి అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్నే కాపాడుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఎంత పోయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికి రాగానే, "మీ శుభ్రం తగలెయ్య!" అని ఒక్క మాట అని మా ఆవిడ గదిలోకి వెళ్ళిపోయింది. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి, ఏ పాట తర్వాత డప్పులు మోగాలో చెప్పారు. చెప్పినచోటల్లా పెట్టాను. జేబులోదాన్ని కూడా సమానం చేశాను.

"పాట రావట్లేదని నాకొక్క మాట చెప్పొచ్చు కదండీ?" అన్నాను. నా గొంతులో కోపం నామీదే, కానీ ఆవిడకి ఎలా వినిపించిందో.

"మీరు అంత కష్టపడి శుభ్రం చేసుకున్నారు కదా బాబూ. ఎలా చెప్తాను?"

"ఇకమీదట చెప్పాలి. ఏ ఇబ్బందున్నా సరే."

"అలాగే బాబూ."

"ఇప్పుడంతా బాగుందా మరి?"

"బ్రహ్మాండంగా ఉంది బాబూ."

నా సాంబారు గురించి కూడా సరిగ్గా ఇదే గొంతుతో అన్నారని గుర్తొచ్చింది. నాకు భయం పట్టుకుంది.

మర్నాడు ఆఫీసులో కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం భోజనానికి అందరూ లేవగానే రైలెక్కి ఇంటికొచ్చి, నా తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీశాను. దొంగలా నా ఇంట్లోకి నేనే వెళ్తుంటే నాకే నవ్వొచ్చింది. హాల్లో పాట మారింది. డప్పులు మొదలయ్యాయి. అమ్మయ్య అనుకున్నాను.

వంటింట్లో ఆవిడ స్టూలు మీద కూర్చుని, తల గోడకి ఆనించి, సీసా పైకెత్తారు. చెయ్యి వణుకుతోంది. చుక్క చెంప మీద పడింది. మళ్ళీ ఎత్తారు. ఈసారి కణత మీంచి జారి చెవిలోకి పోయింది. మూడోది ఎక్కడ పడిందో ఆవిడకీ తెలిసినట్టు లేదు. కొంగుతో మొహం తుడుచుకుని సీసాకి మూత పెట్టేశారు. పాట వేళకే వచ్చింది. మందే కంట్లో పడలేదు.

"అత్తయ్యగారూ."

ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. "అయ్యో, ఈ వేళప్పుడు వచ్చారేంటి బాబూ? భోజనం చేశారా?"

"చుక్క పడలేదండీ."

"పడింది బాబూ, పడింది."

"పడలేదు. నేను చూశాను. కూర్చోండి."

నా ఎదుట ఆవిడ ఏనాడూ కూర్చోలేదు. ఏమనుకున్నారో ఏమో, కాసేపు తటపటాయించి కూర్చున్నారు. గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తాను. ఇన్నేళ్ళలో ఆ ముఖాన్ని నేను అంత దగ్గరగా చూసింది లేదు. నేను వేసిన మొదటి చుక్క ముక్కు మీద పడింది. "బాగానే వేశారు బాబూ," అన్నారు, అలవాటు కొద్దీ. ఇద్దరికీ నవ్వొచ్చింది. రెండోది కంట్లో పడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆవిడ కన్ను గట్టిగా మూసుకుని కూర్చున్నారు. లేవలేదు. ఆ కన్ను తెరవకుండానే అన్నారు.

"చెయ్యి నిలవట్లేదు బాబూ. చాన్నాళ్ళయింది. చెబితే అమ్మాయి ఉద్యోగం మానేస్తానంటుందని చెప్పలేదు. సాయంత్రంది అది ఇంటికొచ్చాక వేయించుకుంటాను." కొంగు చివర వేళ్ళతో నలిపారు. "మధ్యాహ్నందానికి మీరు రేపు కూడా వస్తారా?"