బురైమి ఇసుకలో దంపుడు

డెబ్బైల్లో నేను ఒమన్‌లోని బురైమిలో, ఒక సైట్ మీద కాంక్రీటు కలిపేవాణ్ణి. పెళ్ళైన ఏడాదికే మా లచ్చవ్వను ఊళ్ళో వదిలి వెళ్ళాను. మా నార్వే ఇంజనీరు తమ దేశంలో మంచు మీద జారే పొడుగు బల్లలు తెచ్చుకున్నాడు. శుక్రవారాలు వాటిని కాళ్ళకు కట్టుకుని, చేతికర్రలతో పొడుచుకుంటూ ఇసుక దిబ్బల మీద తిరిగేవాడు.

ఒకసారి నన్నూ ఎక్కమన్నాడు. నా జబ్బల బలం చూపిద్దామని కర్రలు గట్టిగా తోశాను. నాలుగు బారలు పోకముందే ఆయాసమొచ్చి బోర్లా పడ్డాను. మా రూమ్ వాళ్ళు ఒకటే నవ్వు.

నోట్లో ఇసుక ఉమ్ముతుంటే లచ్చవ్వ గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో గొప్పకు పోయి ఆమె రోకలి లాక్కుని దంచి, ఇలాగే అలిసిపోయాను. "జబ్బలతోని కాదయ్యా, నడుం వంచి పెయ్యంత రోకలి మీద ఎయ్యి" అని నవ్వింది.

లేచి, అలాగే వంగి, ఒళ్ళు బరువంతా కర్రల మీద వేశాను. బల్లలు సర్రున జారాయి!

"మీ ఊళ్ళో మంచు పడుతుందా?" అన్నాడు ఇంజనీరు వచ్చీరాని హిందీలో.

"లేదు సాబ్, మా ఆవిడ వడ్లు దంచుతుంది" అన్నాను.

సెలవులో ఇంటికెళ్ళి ఇదంతా చెబితే, "గంత దూరం పోయి నా రోకలిని యాద్ చేసుకున్నవా?" అంది లచ్చవ్వ.

రోకలిని అనుకుంది, పిచ్చిది.