పళనమ్మ ఛాతీ కొలత

పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. చూస్తే బరువైనదేమీ కాదు. కంప్యూటరు తెర మీద ఒక సన్నని గీత. ఎడమ నుంచి బయలుదేరి, మధ్యలో ఏదో లేవబోయినట్టు కాస్త కదిలి, మళ్ళీ పడిపోతుంది. అది ఒక ఆడమనిషి ఛాతీ గీత. దాన్ని నేను తీసేశాను. తీసేసి, ఆ చోట ఇంకొకామె గీత పెట్టాను. ఎవరికీ తెలియదు. ఆ ఆడమనిషి తర్వాత చనిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నేను కోయంబత్తూరులో పుట్టాను, తమిళంలో చదువుకున్నాను. తెలుగు అక్షరాలు నాన్న దగ్గర నేర్చుకున్నాను. మా ఇళ్ళలో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదవగలిగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నా భర్త చదవలేడు, నా పిల్లలు చదవలేరు. ఈ కాగితాలు బల్ల మీద వదిలేసి వంటింట్లోకి వెళ్ళినా నాకు భయం లేదు. ఒప్పుకోవడానికి కూడా ఇంట్లో ఎవరూ చదవలేని భాష వెతుక్కున్న మనిషిని నేను. ఇది తెలిస్తే నా గురించి మీకు సగం తెలిసినట్టే.

నా పేరు చెప్పను. ఆమె పేరు పళనమ్మ.

అప్పుడు నేను ఒక ఇంజనీరింగు కాలేజీ లేబులో సహాయకురాలిని. మా ప్రొఫెసరుగారు మనిషి ఒంటి అనునాదం మీద పనిచేసేవారు. ఏ వస్తువుకైనా తనదైన స్వరం ఒకటి ఉంటుంది. అదే స్వరం బయటి నుంచి వినిపిస్తే ఆ వస్తువు కూడా వణుకుతుంది. మనిషి ఛాతీ అయినా అంతే. లోపల గాలి ఆడే ఛాతీ ఒక తగ్గు స్వరానికి బాగా పలుకుతుంది. గాలి ఉండవలసిన చోట వేరే ఏదైనా చేరితే మూగబోతుంది. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, ఇదీ అదే పని. వేలికి బదులు స్పీకరు, చెవికి బదులు చొక్కా గుండీ అంత సెన్సరు. మనిషిని స్పీకరు ముందు నిలబెట్టి స్వరాన్ని మెల్లగా పెంచుతూ పోతే, వీపుకు అంటించిన సెన్సరు ఆ వణుకును గీతగా గీస్తుంది.

సెన్సరును చర్మం మీదే పెట్టాలి. కాస్త తేనెమైనం పూసి బొటనవేలితో గట్టిగా అదమాలి. గుడ్డ మీద పెడితే వణుకులో సగం గుడ్డే తినేస్తుంది. ప్రొఫెసరుగారు మాకు మొదటిరోజే చెప్పిన మాట ఇది.

ఊరి బయట ఒక నూలు మిల్లు మా కొలతలకు ఒప్పుకుంది. దూది దుమ్ములో పనిచేసే ఆడవాళ్ళ ఛాతీలు ఎలా పలుకుతున్నాయో చూడాలి. ఆడవాళ్ళ వీపు మీద చేయి వేయాలంటే ఆడమనిషే ఉండాలి కాబట్టి నన్ను పంపారు. పనివాళ్ళ పిల్లలను ఉంచే గది పక్కన నాకొక చిన్న గది ఇచ్చారు. వారం రోజులు అక్కడే ఉన్నాను.

వచ్చినవాళ్ళు రెండు వీధుల వాళ్ళు. రెండు వీధులవారిదీ తెలుగే. ఒకరు మావాళ్ళు. పొలాలు చేజారి మిల్లు పనికి వచ్చినవాళ్ళు, వరస కలుపుకుంటే నాకు పిన్నో అక్కో అయ్యేవాళ్ళు. రెండోవాళ్ళు కాలనీవాళ్ళు. వాళ్ళ తాతలు మా తాతల పొలాల్లో కూలికి ఉండేవాళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళ చేతికి చెంబు ఇచ్చేది కాదు, దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోసేది. చిన్నప్పుడు అది చూసి నాకు సిగ్గు వేసేది. నేను చదువుకున్నదాన్ని, నాలో అలాంటివేమీ లేవని గట్టిగా నమ్మేదాన్ని.

మావాళ్ళకు చర్మం మీద పెట్టాను. కాలనీవాళ్ళకు రవిక మీద పెట్టాను.

ఎందుకు? ఇన్నేళ్ళలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. వరస పొడుగ్గా ఉందన్నాను. వాళ్ళు దుమ్ముతో, చెమటతో వచ్చారు, మైనం అంటుకోదన్నాను. మావాళ్ళకు చెమట పట్టలేదా? ఒకే షెడ్డు, ఒకే దుమ్ము. ఇక వాళ్ళు సిగ్గుపడతారేమో అన్నాను. ఈ చివరిదాన్ని చాలా కాలం పట్టుకొని వేలాడాను, ఎందుకంటే అది వినడానికి మర్యాదగా ఉంటుంది. కానీ పళనమ్మ నా ముందుకు వచ్చి, తనే వెనక్కి తిరిగి, "జాకెట్టు పైకి లేపేదా అమ్మణీ?" అని అడిగింది. "వొద్దు, అట్లే నిలబడు," అన్నాను నేను. ఆమెకు సిగ్గేమీ లేదు. నాకే ఆమెను ముట్టుకోవడం ఇష్టం లేదు. ఆ ఇష్టం లేకపోవడాన్ని ఆ రోజు నేను గుర్తించలేదు కూడా. చేయి దానంతట అదే ఆగిపోయింది, తర్వాత మనసు తీరిగ్గా కారణాలు వెతుక్కుంది. రెండు వేళ్ళ కొనలతో సెన్సరును రవిక మీద ఆనించి, టేపు అంటించి, వెనక్కి జరిగాను.

పళనమ్మకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. దూది బేళ్ళు విప్పే గదిలో చెత్త దూది ఏరే పని. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. స్పీకరు మోగుతున్నప్పుడు, కడుపులో బస్సు పోతున్నట్టుందని నవ్వింది. నేను నవ్వలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

లేబుకు వచ్చి అన్ని గీతలూ ఒకే తెర మీద వేసి చూశాను. రెండు గుంపులుగా విడిపోయి ఉన్నాయి. మావాళ్ళవి పైన, కాలనీవాళ్ళవి కింద. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. ప్రొఫెసరుగారు చూస్తే మొదట అడిగేది సెన్సరు ఎలా పెట్టావనే. ఏం చెప్పాలి?

ఆయన ఊళ్ళో లేని రెండు రోజుల్లో మసిపూసి మారేడుకాయ చేశాను. నా ఛాతీనే ఒకసారి చర్మం మీద, ఒకసారి రవిక మీద కొలుచుకున్నాను. ఎంత తేడా వచ్చిందో అంతా కాలనీవాళ్ళ గీతలకు కలిపాను. అన్నీ పైకి లేచి మావాళ్ళ గీతల్లో కలిసిపోయాయి. ఒక్కటి లేవలేదు. పళనమ్మది. ఎంత కలిపినా చదునుగా పడి ఉంది.

మర్నాడే మిల్లుకు వెళ్ళి ఆమెను పిలిపించి, సరిగ్గా ఇంకోసారి కొలవవచ్చు. అరగంట పని. ఎందుకు వెళ్ళలేదు? వెళితే ఈసారి చర్మం మీద పెట్టాలి. ఆమె ఒక్కదానికి అలా పెడితే, మిగతావాళ్ళు మాకెందుకు పెట్టలేదని అడుగుతారు. అక్కడి నుంచి మాట ప్రొఫెసరుగారి దాకా వస్తుంది, నా ఉద్యోగం పోతుంది. ఇది పైకి కనిపించే భయం. దాని కింద ఇంకో భయం ఉంది. నేనెలాంటిదాన్నో నాకే తెలిసిపోతుంది. టేపు వదులై ఉంటుందని అనుకున్నాను. అనుకొని, వరసలో ఆమె తర్వాత నిలబడినామె గీతను నకలు తీసి, అంకెలు కొద్దికొద్దిగా మార్చి, పళనమ్మ పేరు కింద పెట్టాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత కేంటీనుకు వెళ్ళి కాఫీ తాగాను. కాఫీ బాగుంది కూడా.

నివేదిక మిల్లుకు వెళ్ళింది. అందరి ఛాతీలూ బాగా పలుకుతున్నాయి. ఇది వైద్యపరీక్ష కాదని ప్రొఫెసరుగారు చివర ఒక వాక్యం రాశారు. మిల్లు ఆఫీసులో ఆ వాక్యం ఎవరికి కావాలి? వాళ్ళకు కావలసింది పేర్ల జాబితా, దానికి ఎదురుగా బాగుంది అన్న మాట.

నాలుగు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం గాంధీపురం టౌన్ బస్టాండులో పళనమ్మ కనిపించింది. సిమెంటు దిమ్మె మీద కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, ఊపిరి కోసం తంటాలు పడుతోంది. చూడనట్టు దాటిపోబోయాను. ఆమే పిలిచింది.

"అమ్మణీ, నన్ను మరిసిపోయినావా? మిల్లులో నా నెంజు సత్తం చూసినావే."

నెంజు అంటే ఛాతీ, సత్తం అంటే చప్పుడు. తమిళం నుంచి వచ్చి మా రెండు వీధుల్లోనూ ఇంటిమాటలు అయిపోయాయి.

"గ్యాపకం ఉండాది," అన్నాను. "ఏమి, ఒంట్లో బాగలేదా?"

"నాలుగు అడుగులు పెడితే మూచ్చు ఆడేది లేదు. దూది గది వొద్దు, వేరే పని ఇయ్యండి అని ఆఫీసులో అడిగినాను. కాగితం తీసి చూపించినారు. నీ నెంజు బాగుండాది, కాలేజీ వాళ్ళే రాసినారు, పో అన్నారు." ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ళీ అంది. "నేను కూడా ధైర్యంగానే ఉండాను. మనవాళ్ళ అమ్మణి చూసింది కదా, తప్పుగా రాస్తుందా అని. అయినా ఆస్పత్రికి పొయ్యేదా, వొద్దా? నువ్వు సెప్పు."

మనవాళ్ళ అమ్మణి అంది. మాట్లాడే మాట ఒకటే అయినందుకు నన్ను తనవాళ్ళలో కలుపుకుంది. ఆమెకు నేను చేసింది తెలియదు. లేక తెలిసే అందా? చర్మం మీద ఎవరికి పెట్టారో, గుడ్డ మీద ఎవరికి పెట్టారో ఆ వరసలో నిలబడినవాళ్ళకు కనిపించకుండా ఉంటుందా? తెలిసినా అలవాటైన సంగతే కాబట్టి లెక్క చేయలేదా? ఇది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పో అంటే చాలు. ఇవాళే ఆస్పత్రికి పో, ఆ కాగితం తప్పు అని అంటే చాలు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"జలుబు పట్టుంటాది," అన్నాను. "మిరియాల కషాయం తాగి సూడు."

"సరి అమ్మణీ," అంది. ఆమె ముఖం తేలికపడింది. అది నేను మరిచిపోలేను. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఆ తర్వాత వేరే కొలతల పని మీద మిల్లుకు వెళ్ళినప్పుడు, పిల్లల గదిలో పనిచేసే ఆయా మాటల్లో మాటగా చెప్పింది. పళనమ్మ దూది గదిలో పడిపోతే ఆస్పత్రికి తీసుకువెళ్ళారట. నెంజు నిండా నీళ్ళు ఉన్నాయన్నారట. వారం కూడా ఉండలేదట. నేను స్పీకరు తీగ చుడుతూ విన్నాను. చుట్టడం ఆపలేదు.

నీళ్ళు. గాలి ఉండవలసిన చోట నీళ్ళు. ఆ చదును గీత పొరపాటు కాదు. రవిక అడ్డం ఉన్నా, టేపు అడ్డం ఉన్నా, సెన్సరు పాపం ఉన్నది ఉన్నట్టే చెప్పింది. నేనే దాని నోరు నొక్కాను.

ఆమెను నేను చంపానా? తర్వాత ఒక డాక్టరుగారిని అడిగాను, ఎవరో దూరపు చుట్టం సంగతి అన్నట్టు. నాలుగైదు నెలల ముందే వస్తే నీళ్ళు తీసి, కారణం చూసి, మందు ఇచ్చేవాళ్ళం, చాలామంది కోలుకుంటారు అన్నారాయన. కొంతమంది కోలుకోరు అని కూడా అన్నారు. ఆ రెండో మాటను ఇంటికి తెచ్చుకొని పద్దెనిమిదేళ్ళు దాని నీడన కూర్చున్నాను. ఇప్పుడు లేచి చూస్తే అక్కడ నీడ ఏమీ లేదు. ఆమె కోలుకునేదో లేదో తెలుసుకునే దారి ఉండేది. దాన్ని మూసింది నేను.

ఇప్పుడు ఆ లేబుకు నేనే పెద్దను. కొత్తగా వచ్చే ఆడపిల్లలకు మొదటిరోజే చెబుతాను, చర్మం మీదే పెట్టాలి, బొటనవేలితో అదమాలి అని. కాలనీ నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లల వీపు మీద ఇప్పుడు నా చేయి ఆగదు. ఆగడం లేదని ప్రతిసారీ గమనిస్తాను. గమనిస్తున్నానంటే పూర్తిగా పోలేదనే కదా?

పోయిన నెల పాత కంప్యూటర్లను తీసిపారేస్తామని, అందులో ఏవి ఉంచాలో చెప్పమని నన్ను అడిగారు. ఆ మిల్లు ఫైళ్ళు అందులో ఉన్నాయి. మార్చిన గీతలతో పాటు మార్చకముందువీ ఉన్నాయి. ఎందుకు చెరిపేయలేదో నాకు తెలియదు. పళనమ్మది తెరిచాను. తలుపు గడియ వేసుకొని చాలాసేపు ఏడ్చాను. ఏడిస్తే ఏమవుతుంది? ముఖం కడుక్కొని వచ్చినా గీత అలాగే ఉంది.

ఆమె కూతురు మదురైలో ఉందని కనుక్కున్నాను. పొద్దున బస్సు ఎక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. ఇంకా ఎక్కలేదు. ఏమని చెప్పాలో ప్రతిరోజూ వంట చేస్తూ అల్లుకుంటాను. ప్రతిసారీ అందులో నాకు అనుకూలమైన మాట ఒకటి దూరుతుంది.

నిన్న మాత్రం ఒక పని చేశాను. పాత నివేదికల్లో తప్పులు దొరికితే రాసి ఇవ్వడానికి కాలేజీలో ఒక ఫారం ఉంటుంది. ఆ నివేదిక వివరం రాశాను. రవిక మీద కొలిచిన ప్రతి ఒక్కరి పేరూ రాశాను. పళనమ్మ పేరు ఎదురుగా, అసలు గీత తీసేసి వేరే గీత పెట్టడమైనది అని రాశాను. చివర కారణం అని ఒక గడి ఉంది. మొదట సమయం చాలక అని రాశాను. కొట్టేశాను. అనుభవం లేక అని రాశాను. అదీ కొట్టేశాను. ఇక చోటు కొంచెమే మిగిలింది. అందులో చిన్న అక్షరాలతో, కొలిచిన మనిషికి వీళ్ళను ముట్టుకోవడం ఇష్టం లేదు అని రాసి, కింద సంతకం పెట్టాను. గుమాస్తా చదవకుండానే ముద్ర కొట్టి ఫైలులో పెట్టుకున్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి సాఫీగా ఆడింది. అందుకు కూడా సిగ్గేసింది. అయినా ఆడింది.