ఎడమవైపు ఏనుగు

పక్షవాతం వచ్చాక మా ఆయనకు ఎడమ చెయ్యి పడిపోవడం ఒక్కటే కాదు, ఎడమవైపు లోకమే లేకుండా పోయింది. కన్ను చూస్తుంది గానీ మనసు పట్టించుకోదని డాక్టరు చెప్పారు. కంచంలో కుడి సగమే తినేవారు. ఆ సంగతి తనకే తెలిసొచ్చిన రోజున, "తల పోయినంక మాత్రలెందుకు?" అని నోరు బిగించేశారు. మూడు రోజులుగా బీపీ మాత్ర లోపలికి పోలేదు. పక్షవాతం మరోసారి వస్తే మనిషి దక్కడు.

దేవుడి ముందు ఏడ్చి, నాచారం నుంచి ఆయన స్నేహితుణ్ణి పిలిపించాను. ఇరవై ఏళ్లుగా ఉప్పల్‌లో మా వరండాలోనే ఇద్దరి చదరంగం. ఇద్దరూ పోటీల్లో ఆడినవాళ్లే.

"గెలిస్తే మాత్ర మింగుత. ఓడితే ఆ మాటే ఎత్తొద్దు," అన్నారు మా ఆయన.

నీళ్లిచ్చే నెపంతో ఆ స్నేహితుణ్ణి పక్కకు పిలిచి చేతులు జోడించాను. "అన్నా, జర ఓడిపోండి."

"కావాలని ఓడితె బావకు తెల్వదా చెల్లే? నా మొహం గుడ సూడడు."

చూసేవాళ్లు నోరెత్తకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. చూసి చూసే నేనూ ఆట నేర్చుకున్నాను. అందుకే ఎడమ మూలనున్న ఆయన ఏనుగు మీదికి అన్న గుర్రం రావడం నాకు కనబడింది. ఆయనకు కనబడలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ ఏనుగును అన్న చంపి పక్కన పెట్టాకే ఆయనకు తెలిసింది. దయలేని మనిషిని పిలిచానే అనుకున్నాను.

చాలాసేపటికి ఆయన కుడివైపు మంత్రిని జరిపి, అన్న రాజుకు గురిపెట్టి "షై" అన్నారు. రాజు పక్క గడికి తప్పుకున్నాడు. మళ్లీ షై. రాజు వెనక్కి. మళ్లీ షై.

"గిదేంది బావా, గానుగెద్దు లెక్క తిప్పుతున్నవ్!"

"చాతనైతే తప్పించుకో."

అన్న తల గోక్కుంటూ అన్ని దారులూ వెతికారు. ఒక్కటీ లేదు. అదే వరస మూడోసారి వచ్చింది. అలా వస్తే పోటీల లెక్కన ఆట డ్రా.

పందెంలో డ్రా మాట లేదు. మాత్ర పట్టుకుని, అడిగే ధైర్యం లేక నిలబడ్డాను.

"సూస్తున్నవేంది చెల్లే? డ్రాకు సగం పాయింటొచ్చింది. సగం మాత్ర ఇయ్యి."

మా ఆయన కోపంగా అన్న వంక చూశారు. "నీ లెక్కలు పాడుగాను," అని నోరు తెరిచారు. విరిచిన సగాన్ని నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, గొంతు కదిలేదాకా చూశాను. స్వామీ, ఇదే పదివేలు.

అన్న అప్పటికే మరో ఆటకు పావులు పేరుస్తున్నారు. మిగతా సగం నా గుప్పిట్లో ఉంది.