తిప్పయ్య నాలిక

మధ్యాహ్నం ఒంటిగంట. బెళుగుప్పలో ఎండ ఒకపక్క, నా కడుపు ఒకపక్క మండిపోతున్నాయి. ఈ వేళకే తిప్పయ్య గుర్తొస్తాడు. దాణా అంగట్లో తూకం వేసే మనిషి. ఏ దాణా అయినా ముందు తను నమిలి చూడందే గొడ్డుకు ఇవ్వడు. నూనె తీసిన చెనిక్కాయ చెక్క గానీ, తవుడు గానీ, పత్తిగింజ గానీ, మొదట తిప్పయ్య నోరు, తర్వాతే ఎనుము నోరు.

ఆ అంగట్లోనే నేను మూటలు దించేవాణ్ని.

ఒకసారి దాణా కొనడానికి మారెమ్మ వచ్చింది. "చెక్క ఒక మూట కట్టప్పా."

"ఎనుము పాలిస్తాండాదా?"

"యాడిచ్చేది! వట్టిపోయింది. చూలు గూడా కట్టలే."

"దానికి చెక్క ఏమిటికమ్మా? తవుడు, గుప్పెడు ఉలవలు చాలు. ఈనినాక రా."

అంగడి యజమాని వీరేష్ తల పట్టుకున్నాడు. "తిప్పన్నా, నువ్వు ఈడ అమ్మేకి ఉండావా, ఆపేకి ఉండావా?"

ఇంకోసారి లారీలో వచ్చిన చెక్క కొరికి తుపుక్కున ఊశాడు. "చేదు! బూజు పట్టినాది."

"పైకి బాగనే ఉండాది కదప్పా!" అన్నాడు వీరేష్.

"అయితే నువ్వు తిను."

లారీ వెనక్కి పోయింది. దించిన మూటలన్నీ మళ్లీ ఎక్కించింది నేనే.

మధ్యాహ్నం అందరూ సద్దిమూట విప్పితే, నేను "తిని వచ్చినా" అని తూకం వెనక కూర్చునేవాణ్ని. ఇంట్లో ఉన్న ముద్ద పిల్లలకే చాలదు. ఒకరి సద్దిలో చెయ్యి పెట్టాలంటే నాకు సిగ్గు.

ఒకరోజు తిప్పయ్య ఆకు పొట్లం తెచ్చి నా ముందు విప్పాడు. లోపల ఉండలు. "రామదాసూ, ఇది కొత్త దాణా. నమిలి నమిలి నా నాలిక మొద్దుబారింది. ఎనుముకు పడతాదో లేదో నువ్వు చెప్పప్పా."

పని కదా! తిన్నాను. వేయించిన చెనిక్కాయలు, జొన్నపిండి, బెల్లం.

"పడతాది గానీ అన్నా, ఉప్పు తక్కువ," అన్నాను పెద్దమనిషిలా.

మర్నాడు ఉప్పు పడింది. బెల్లం చాలదన్నాను. ఆ మర్నాడు బెల్లం పెరిగింది.

"యాలక్కాయ ఏస్తే?" అని అడిగాడు ఒకరోజు.

"ఎనుముకు యాలక్కాయ ఏమిటికన్నా? దాన్ని ఊరికే చెడగొడతాండావు!"

బుద్ధిగా తల ఊపాడు. ఎండాకాలమంతా రోజూ నాకు ఇదే ఉద్యోగం.

ఒకనాడు తిప్పయ్య పనికి రాలేదు. ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, తెల్లారి బస్సుకే భార్య గంగాదేవితో పామిడిలో కూతురింటికి వెళ్లిపోయాడట, ఇక ఆడే ఉంటాడట.

"వీరేషన్నా, ఆ కొత్త దాణా రవ్వంత ఇయ్యి, మా మేకకు ఏస్తా," అన్నాను.

"ఏం కొత్త దాణా?"

"అదేనన్నా, జొన్నపిండి, బెల్లం, ఉండలుగా ఉంటాదే!"

వీరేష్ నవ్వి నవ్వి తవుడు మూట మీద పడ్డాడు. "అది దాణా కాదప్పా! గంగాదేవక్క ఇంట్లో నీకోసం చేసేది. ఉప్పు చాలలేదంట, బెల్లం చాలలేదంట, ఎవురప్పా ఈ ఎనుము అని ఆయమ్మ ఒకటే తిట్టు!"

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తూకం వెనక్కి పోయాను. నేను కూర్చునే చోట, రోజూ లాగే, ఆకు పొట్లం ఉంది. తెల్లారి బస్సుకు పోతూ తిప్పయ్య పెట్టిపోయినట్టున్నాడు. ఒక ఉండ కొరికాను.

యాలక్కాయ పడింది.

"ఏమప్పా, ఎట్లుండాది?" అని అరిచాడు వీరేష్.

"ఎనుముకు పడతాది," అన్నాను, నోటినిండా పెట్టుకుని.