ఎనిమిదో అర్థం

ఈ ఉదయం కోవిల్‌పట్టి బడిలో మా పిల్లలచేత ‘పాస్’ అనే ఇంగ్లీషు మాటకు ఉన్న అర్థాలన్నీ నల్లబల్ల మీద రాయించాను. పరీక్ష గట్టెక్కడం, విరుదునగర్ బండి మన స్టేషను దాటిపోవడం, టికెట్టు లేకుండా రైలెక్కనిచ్చే చీటీ, కొండల నడుమ కనుమ... మొత్తం ఏడు తేలాయి. ఇంగ్లీషు మేష్టర్ని కదా, కాస్త గర్వపడ్డాను కూడా.

సాయంత్రం మా నాయన ఊరినుంచి పత్తిబండి తోలుకొచ్చి, మిల్లులో సరుకు దించి, నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఆయనకు తెలిసిన ఇంగ్లీషు ఆ ఒక్క మాటే. మిల్లులో పత్తి చూసే మనిషి చిటికెడు దూది తీసి, వేళ్లతో లాగి, పోగు పొడుగూ గట్టితనమూ చూసి, నచ్చితే “పాసు” అంటాడు. ఆ మాట కోసమే నాయన ఏడాదంతా నల్లరేగడిలో కష్టపడతాడు.

ఎనిమిదో నెలలోనే పుట్టిన మా పాపను ఆయన చూడటం ఇదే మొదలు. పన్నెండు రోజుల పిల్ల. ఇప్పటిదాకా చూసినవాళ్లంతా పెదవి విరిచి వెళ్లినవాళ్లే. ఊరంతా డాక్టర్లే మరి!

నాయన చేతులు కడుక్కొచ్చి పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. తలనుంచి కాళ్లదాకా నిదానంగా చూశాడు. నా భార్య ఉండబట్టలేకపోయింది.

“ఏం మామా, ఏమీ సెప్పకుండా ఉండారు?”

నాయన తన వేలు పాప గుప్పిట్లో పెట్టి మెల్లగా లాగాడు. పాప వదల్లేదు. మళ్లీ లాగాడు.

“పోగు పొట్టిదేమ్మా. అయితే గట్టిగా ఉండాది. పాసు!”

నా భార్య ఏడుస్తూనే నవ్వింది.

రేపు నల్లబల్ల మీద ఎనిమిదో అర్థం రాయాలి. మీరైతే ఏమని రాస్తారు?